తొమ్మిదిన్నర అడుగుల దూరానికి 65 ఓలెడా, 75 ఎల్ఈడీనా? (సినిమాల కోసమే)

ఆదివారం_మ్యాట్నీ:
సోఫాలో కూర్చుంటే కంటి నుంచి టీవీ గోడకు తొమ్మిదిన్నర అడుగులు. ఒకే బడ్జెట్‌లో రెండు దొరుకుతున్నాయి. ఒకటి 65 అంగుళాల ఓలెడ్ (ఒక్కో పిక్సెల్ సొంతంగా వెలిగే తెర), రెండోది 75 అంగుళాల మామూలు ఎల్ఈడీ (60 హెర్ట్జ్, అంటే బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది; వెనక లైటును భాగాలుగా తగ్గించే లోకల్ డిమ్మింగ్ లేదు). రాత్రి లైట్లు ఆపేసి సినిమాలు చూడటమే ముఖ్యం. పగలు మాత్రం ఇంట్లోవాళ్లు న్యూస్ ఛానెల్ నాలుగైదు గంటలు వదిలేస్తారు. టీవీ గోడకు ఎదురుగా కిటికీ ఉంది.

ఇంకో సందేహం. షోరూమ్‌లో సినిమా వేయించి చూస్తే సీరియల్ షూటింగ్ చూస్తున్నట్టుంది. అది టీవీ లోపమా, సెట్టింగా? గోడ ఇటుకది, మీద ప్లాస్టరింగ్. సౌండ్‌బార్ కూడా పెడదామని ఉంది. ముందే చూసుకోవాల్సినవి చెప్పండి.

టేపుకొలత:
సైజు సంగతి ముందు తేల్చుకోండి. దూరాన్ని అంగుళాల్లోకి మార్చి 1.6తో భాగిస్తే కనీస సైజు, 1.2తో భాగిస్తే గరిష్ఠ సైజు వస్తుంది. మొదటి లెక్కలో తెర మన చూపులో అడ్డంగా 30 డిగ్రీలు నిండుతుంది, రెండోదాంట్లో 40. మీ దూరం 114 అంగుళాలు, అంటే 71 నుంచి 95 దాకా. 65 పెడితే 28 డిగ్రీలే, 75కి 32.

పైగా సినిమాలంటున్నారు కదా, చాలా సినిమాల వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లు ఉంటుంది. 75 అంగుళాల తెర ఎత్తు 93 సెం.మీ. అయినా బొమ్మ వాడుకునేది 70 సెం.మీ.లోపే, పైనా కిందా 12 సెం.మీ. చొప్పున నల్లపట్టీలు. 65లో బొమ్మ ఎత్తు 60 సెం.మీ.కి దిగిపోతుంది. జూమ్ నొక్కి పట్టీలు పోగొట్టొచ్చు గానీ పక్కల నుంచి బొమ్మలో నాలుగో వంతు తెగిపోతుంది.

సోఫాను అడుగున్నర ముందుకు జరిపే వీలుంటే 65 కూడా 33 డిగ్రీలు ఇస్తుంది. షోరూమ్‌కి వెళ్లేముందు అది తేల్చుకోండి.

చీకటిగది:
కొలత లెక్క సరైనదే, కానీ లోకల్ డిమ్మింగ్ లేని 75ని చీకట్లో చూడటం నాకైతే సమ్మతం కాదు. వెనక లైటు తెరంతా ఒకే తీరుగా వెలుగుతుంది కాబట్టి నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. ఆ పట్టీలు కూడా మెరుస్తుంటాయి, రాత్రి సీన్లలో అదే కళ్లకు కొడుతుంది. అందులోనూ ప్యానెల్ ఐపీఎస్ రకమైతే మరీ ఇబ్బంది, కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు తేడా) సుమారు 1000:1 దగ్గరే ఆగిపోతుంది. వీఏ ప్యానెల్ అయితే 3000 పైన ఉంటుంది, కాకపోతే పక్కనుంచి చూస్తే రంగు వెలిసినట్టుంటుంది. డబ్బా మీద ‘హెచ్‌డీఆర్’ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే వీడియో) అని రాసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. వెలుగు 300 నిట్స్ దగ్గరుండే టీవీ ఆ సిగ్నల్ తీసుకుంటుందే తప్ప ఆ మెరుపు చూపించలేదు.

అలాగని ఓలెడ్‌కి ఓటేయమనను, మీ న్యూస్ ఛానెల్ అడ్డు. లోగో, కింద పరుగెత్తే స్క్రోలింగ్ పట్టీ రోజూ నాలుగైదు గంటలు ఒకేచోట వెలిగితే అక్కడి పిక్సెళ్లు మిగతావాటి కంటే ముందు అరిగి మచ్చ మిగులుతుంది. అయినా ఓలెడే తీసుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రిమోట్‌తో ఆపాక గోడ స్విచ్ కట్టేయకూడదు. ఆ టీవీలు కొన్ని గంటల వాడకం తర్వాత, ఆపి ఉన్నప్పుడే, పిక్సెళ్ల తేడాలు సరిచేసుకుంటాయి. కరెంటు లేకపోతే ఆ పని జరగదు.

మీ అవసరానికి మూడో దారి మేలు. ఫుల్ అరే లోకల్ డిమ్మింగ్ (తెర వెనకంతా లైట్లుండి, జోన్లనే భాగాలుగా తగ్గేవి) లేదా మినీ ఎల్ఈడీ (అవే లైట్లు మరీ చిన్నవిగా, ఎక్కువగా) ఉన్న 75, అదీ 120 హెర్ట్జ్‌ది. కొత్త మోడల్ బడ్జెట్‌కి అందకపోతే కిందటేడాది మోడల్ అడగండి. చీకటి సీన్లో తెల్ల సబ్‌టైటిల్ వేయించి చూడండి, అక్షరాల చుట్టూ వెలుగు మబ్బులా కమ్ముకుంటే జోన్లు తక్కువన్నమాట. తర్వాత ఫుట్‌బాల్ మైదానంలాంటి ఒకే రంగు దృశ్యంలో కెమెరా అడ్డంగా కదులుతుండగా చూడండి. తెర మురికిపట్టినట్టు నిలువు చారలు కనిపిస్తే ఆ పీస్ వద్దు.

ఇక సీరియల్ గొడవ. అది సెట్టింగే. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ మధ్యలో లేని ఫ్రేములు సొంతంగా పుట్టిస్తోంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ అనే పేర్లతో ఉంటుంది, ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఒక్క నొక్కుతో పోతుంది. లేకపోతే సినిమా మోడ్ పెట్టి, కలర్ టెంపరేచర్ వార్మ్‌కి మార్చి, డైనమిక్ కాంట్రాస్ట్, ఎనర్జీ సేవింగ్ తీసేయండి. మొదట్లో బొమ్మ పసుపుగా అనిపిస్తుంది, కన్ను అలవాటు పడ్డాక పాత నీలిరంగే వింతగా ఉంటుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: మామూలు వీడియోకి మార్చిన సెట్టింగ్ హెచ్‌డీఆర్‌కి, అందులోనే ఒక రకమైన డాల్బీ విజన్‌కి వర్తించదు. ఆ వీడియో ఆడుతుండగానే మెనూ తెరిచి మళ్లీ మార్చాలి. చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కీ వేరేగా మార్చాలి.

120 హెర్ట్జ్ ఎందుకన్నానంటే, 24 ఫ్రేములు అందులో ఒక్కోటి సరిగ్గా ఐదేసిసార్లు పడతాయి. 60లో అయితే ఒకటి మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్లలో ఆ కుదుపు తెలుస్తుంది.

గోడమేకు:
బిగింపు గురించి. తెర మధ్యభాగం, కూర్చున్నప్పటి కంటి ఎత్తు దగ్గరగా ఉండాలి. నేల నుంచి సుమారు 105 సెం.మీ. అనుకోండి. 75కి అయితే కింది అంచు 58 సెం.మీ. దగ్గర వస్తుంది. చూడ్డానికి మరీ కిందికి ఉందనిపించి మేస్త్రీలు రెండడుగులు పైకి లేపేస్తారు, రెండున్నర గంటల సినిమాకి మెడ పట్టేస్తుంది. పట్టుబట్టి కిందికే పెట్టించండి.

75 ఎల్ఈడీ సుమారు 30 కిలోలు. ప్లాస్టరింగ్ ఒకటిన్నర, రెండు సెం.మీ. ఉంటుంది, అది బరువు మోయదు. 10 ఎం.ఎం. బిట్‌తో 70 ఎం.ఎం. లోతు రంధ్రం చేసి, దుమ్ము పూర్తిగా ఊదేశాకే ప్లగ్ కొట్టాలి. డ్రిల్లింగప్పుడు రాలే పొడి చూడండి. ఎర్రగా వస్తే ఇటుకలో దిగుతోంది. బూడిద రంగులో వస్తూ బిట్ సులువుగా జారిపోతుంటే అది రెండు ఇటుకల మధ్య సిమెంటు సందు, అక్కడ ప్లగ్ పట్టదు. నాలుగైదు సెం.మీ. జరిపి మళ్లీ వేయించండి. స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా మాత్రం డ్రిల్ పెట్టొద్దు, లోపల వైర్లుంటాయి.

టీవీ వెనక బోల్టులు ఎం6 లేదా ఎం8 (6 లేదా 8 ఎం.ఎం. మందం), పెద్దవాటికి ఎక్కువగా ఎం8. పొడవు ఎక్కువైతే లోపలి భాగాలకు గుచ్చుకుంటుంది, తక్కువైతే రెండు చుట్లకే పట్టుకుని ఊడుతుంది. రంధ్రంలో సన్నటి పుల్ల పెట్టి లోతు చూసి, బ్రాకెట్ మందం, స్పేసర్ మందం కలిపితే కావలసిన పొడవులెక్క తెలుస్తుంది. బిగించేటప్పుడు టీవీని నిలువుగానే పట్టుకోండి, ఇద్దరు తప్పనిసరి.

గోడలో పైపు వేయించే ఆలోచనుంటే ఒకటిన్నర అంగుళం తగ్గొద్దు, సన్నదాంట్లో హెచ్‌డీఎంఐ తల దూరదు. ఐదు మీటర్లు దాటితే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి. దానికి రెండు కొసలూ ఒకటి కావు, ఏది టీవీకో ఏది ప్లేయర్‌కో మీద రాసుంటుంది. తిరగేస్తే బొమ్మ రాదు.

తక్కువమాట:
సౌండ్‌బార్ కేబుల్ టీవీకి ‘ఈఆర్క్’ లేదా ‘ఆర్క్’ అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టుకే పెట్టాలి, టీవీ శబ్దాన్ని బార్‌కి పంపేది అదే. ఆడియో సెట్టింగ్‌లో పీసీఎం (టీవీయే విప్పి పంపే శబ్దం) ఉంటే మామూలు ఆర్క్ మీద రెండు ఛానెళ్లే వస్తాయి, పాస్‌త్రూ (శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపడం) లేదా ఆటోకి మార్చండి. ఓటీటీల అట్మాస్‌కి (పైనుంచి కూడా వినిపించే డాల్బీ శబ్దం) ఆర్క్ చాలు, బ్లూరే డిస్కుల్లోని ట్రూహెచ్‌డీ అనే నాణ్యత తగ్గని డాల్బీ ఆడియోకైతే ఈఆర్క్ కావాలి. బార్ టీవీ కింద రిమోట్ సెన్సార్‌కి అడ్డం రాకుండా చూసుకోండి.

ఆదివారం_మ్యాట్నీ:
చాలా థ్యాంక్సండీ. సోఫా కదిలే వీల్లేదు, కాబట్టి 75 మినీ ఎల్ఈడీ వైపే చూస్తాను. ఒక్క ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లో సినిమా పెడితే ఇప్పుడున్న టీవీలో కొన్ని ఫైళ్లకి బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. కొత్తదాంట్లోనూ అంతేనా?

చీకటిగది:
ఆ ఫైళ్లలో ఆడియో డీటీఎస్ (డాల్బీలాంటి ఇంకో ఆడియో రకం) అయ్యుంటుంది. చాలా టీవీలకు దాన్ని విప్పే డీకోడర్ ఉండదు. కొనేముందు స్పెసిఫికేషన్లలో డీటీఎస్ ఉందేమో చూడండి. లేకపోతే ఆ ఆడియో ఒక్కటే డాల్బీ డిజిటల్‌కి మార్చుకోవాలి, వీడియో ముట్టుకోనక్కర్లేదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అసలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. 4కే బ్లూరే నుంచి తీసిన పెద్ద ఫైళ్లను ఇంటి నెట్‌వర్క్ మీద ఆడించేటట్టయితే టీవీ లాన్ పోర్టు కంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై నయం. చాలా టీవీల్లో ఆ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, డిస్క్ డేటా 100 దాటిన సీన్లలో బొమ్మ ఆగి ఆగి వస్తుంది.