దసరాకు పిల్లలకు కొత్త బట్టలు ఇద్దామనుకుంటున్నాం, ఎట్ల చేస్తే బాగుంటుంది?

నయీంనగర్_దోస్త్:
అందరికీ నమస్తే. ఆఫీసు దోస్తులం కొందరం కలిసి ఈ దసరాకు వరంగల్ ఎనుమాముల మార్కెట్ హమాలీల పిల్లలకు, కొత్తవాడలో జంపఖానాలు నేసే కొన్ని ఇళ్ల పిల్లలకు ఏమన్నా ఇద్దామనుకుంటున్నాం. అరవై మంది దాకా ఉంటారు. పైసలు జమవుతున్నాయి, టెన్షన్ అంతా మిగతా పని గురించే. బొమ్మలు కొనాలా, బట్టలా? సైజులు ఎట్ల తెలుసుకోవాలి? ఫంక్షన్ హాల్ మాట్లాడి, ఎవరైనా పెద్దమనిషిని పిలిచి అందరికీ ఒకేసారి ఇద్దామని మావాళ్లు అంటున్నారు. ఇంతకుముందు చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

సర్కారుబడి_టీచర్:
తమ్మీ, మంచి పని తలపెట్టారు. నేను వరంగల్‌లో ప్రభుత్వ బడి టీచర్‌ని. అటువంటి ఇళ్ల పిల్లలే మా దగ్గర చదువుతారు.

బట్టలే కొనండి. మన దగ్గర దసరా అంటేనే కొత్త బట్ట. సర్కారు రెండు జతల యూనిఫాం ఇస్తుంది, కొందరికి ఇంట్లో ఉన్న మంచి బట్టలు కూడా అవే. పండుగనాడు అందరూ జమ్మి ఆకు పట్టుకుని ఇంటింటికీ పోయి పెద్దల కాళ్లు మొక్కుతుంటే, యూనిఫాం వేసుకొచ్చిన పిల్లవాడు గడప బయటే ఆగిపోతాడు. చూశాను కాబట్టి చెప్తున్నా.

అందరికీ ఒకే తీరువి తేకండి. ఒకే రంగు అంగీలు కనబడితే అవి ఎక్కడివో వాడకట్టు మొత్తానికి తెలిసిపోతుంది. ఒక్కొక్కరినీ అడగండి. మా ఆరో తరగతి పిల్ల ఒకతెను ఏం కావాలని అడిగితే ముందు "ఏదైనా సరే టీచర్" అన్నది. రంగు అడిగితే మాత్రం తడుముకోలేదు. ఆకుపచ్చ లంగాకు ఎర్ర అంచు ఉండాలట, జాకెట్టు కూడా ఎర్రదే కావాలట. ఇంట్లో ఉన్న గాజులకు అదే సరిపోతుందట. మనసులో ఎన్నాళ్లనుంచి అనుకుంటుందో!

ఆడపిల్లలకు దసరా ముందు రోజు ఇస్తే ఏం లాభం? బతుకమ్మ ఆట అప్పటికి అయిపోతుంది. తొలిరోజు ఎంగిలిపూల నాటికే చేతికి అందాలి. బడిలో అడగాలంటే ఇంకా ముందే రావాలి, 2025లో ఎంగిలిపూల బతుకమ్మా, సెలవులూ సెప్టెంబర్ 21నే మొదలయ్యాయి. కుట్టించే ఆలోచన ఉంటే దర్జీని నెల ముందే పట్టుకోండి.

ఇక ఫంక్షన్ హాల్ మాట. దయచేసి వద్దు. ఒకసారి ఎవరో వచ్చి మైకులో పేరు పిలిచి, "తండ్రి లేని పిల్ల" అని చెప్పి మరీ గౌను చేతికిచ్చి ఫొటో దిగారు. ఆ పిల్ల ఆ గౌను వేసుకోగా నేను చూడలేదు. సాయంత్రం పూట ఇంటికి పోయి అమ్మానాన్నల చేతికి ఇవ్వండి. పిల్లలకు వాళ్లే ఇచ్చుకుంటారు. అమ్మే కొన్నదని పిల్ల అనుకుంటే అనుకోనివ్వండి, మీరు పెట్టింది ఎటూ పోదు.

కాజీపేట_పెద్దన్న:
టీచరమ్మా, మీరన్నది నిజమే. కానీ పైసలిచ్చినవాళ్లు ఫొటోలు అడుగుతారు. లెక్క చూపియ్యకపోతే వచ్చే ఏడు ఎవరిస్తారు?

సర్కారుబడి_టీచర్:
అన్నా, లెక్క తప్పకుండా చూపించాలి. ప్రతి బిల్లూ గ్రూపులో పెట్టండి, కట్టిన ప్యాకెట్ల ఫొటో పెట్టండి. పిల్లల ముఖాలు మాత్రం వద్దు. దిక్కులేని పిల్లలుండే బాలసదనాల వంటి చోట్లకు పోతే ఇంకా జాగ్రత్త. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు తెలిసేలా ఫొటో బయటపెట్టడం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి.

లెక్కల_మనిషి:
ఒక చిన్న మాట. ఎవరైనా ఆదాయపన్ను మినహాయింపు కోసం రసీదు (80జీ అంటారు) అడిగితే, బట్టలు, వస్తువుల రూపంలో ఇచ్చినదానికి ఆ మినహాయింపు రాదని ముందే చెప్పండి. రిజిస్టర్ అయిన సంస్థకైనా 2,000 రూపాయలు దాటి నగదు ఇస్తే అంతే.

జేపీఎన్_రోడ్_బట్టలు:
నేను బట్టల షాపులో చేస్తాను. వయసు చెప్పి సైజు అడగకండి అన్నా. ఎనిమిదేళ్ల పిల్లలిద్దరుంటే ఒకరికి 26 పడుతుంది, ఇంకొకరికి 30 కావాలి. ఇంట్లో సరిగ్గా పడుతున్న అంగీ ఉంటే కాలర్ దగ్గర నంబర్ చూడండి. అది చెరిగిపోతే టేపుతో ఛాతీ, భుజం నుంచి పొడవు కొలిచి రాసుకోండి. ఒక సైజు పెద్దదే తీసుకోండి, సంక్రాంతికి కూడా వస్తుంది. సైజు మార్చి ఇస్తామని బిల్లు మీద ముందే రాయించుకోండి. పండుగ వారంలో రాకండి, నిలబడే జాగ ఉండదు. ధర స్టిక్కర్ పీకి ఇవ్వండి.

నయీంనగర్_దోస్త్:
అందరికీ చాలా థ్యాంక్స్. హాల్ వద్దని మావాళ్లకు మీ మాటలే చదివి వినిపించాను, ఒప్పుకున్నారు. అక్కా, ఇంకొకటి. తొమ్మిది, పది చదివే పోరగాళ్లు అడిగితే "మాకేం వద్దన్నా" అంటున్నారు. వాళ్లనేం చేయాలి?

సర్కారుబడి_టీచర్:
ఆ వయసులో అట్లనే అంటారు తమ్మీ, బలవంతం చేయకు. చిన్నపిల్లల బట్టలు ఏరాలి, సాయం రమ్మని షాపుకు వెంటబెట్టుకుపో. ఏ ఇంట్లో ఎవరికి ఏది నచ్చుతుందో నీకంటే వాళ్లకే బాగా తెలుసు. పని అయ్యాక, వాళ్ల చేయి ఏ ప్యాంటు మీద ఆగిందో చూసి అదీ బిల్లులో వేయించు.