ఫాస్ట్‌నెట్ రేంజ్ 27 నుంచి 18కి తగ్గింది, మరి లైట్ ఎప్పుడు కనబడుతుంది?

డెక్‌కేడెట్_వైజాగ్:
ఐర్లాండ్ నైరుతి మూలన, కేప్ క్లియర్ దీవి అవతల రాతిదిబ్బ మీద ఉన్న ఫాస్ట్‌నెట్ లైట్‌హౌస్ గురించి అడుగుతున్నా. పాత లైట్ల లిస్టులో దీపం ఎత్తు 49 మీటర్లు, రేంజ్ (దీపం అందే దూరం) 27 నాటికల్ మైళ్లు. 2018లో ఎల్‌ఈడీ పెట్టాక రేంజ్ 18 చేశారు. ల్యాండ్‌ఫాల్ లెక్కలో (సముద్రం నుంచి వస్తూ తీరం గుర్తు మొదట ఎక్కడ కనబడుతుందో వేసే లెక్క) 9 మైళ్లు కోసేయాలా? మా ఓడ బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద కంటి ఎత్తు నీటి నుంచి 25 మీటర్లు.

సెకండ్‌మేట్_కాకినాడ:
తమ్ముడూ, రెండు రేంజ్‌లు కలిపేస్తున్నావు. లిస్టులో ఉండేది నామినల్ రేంజ్. విజిబిలిటీ 10 మైళ్లున్నప్పుడు దీపం బలం ఎంతవరకు అందుతుందో అంతే, భూమి వంపు అందులో ఉండదు. వంపు లెక్క వేరు: 2.03 × (దీపం ఎత్తు వర్గమూలం + కంటి ఎత్తు వర్గమూలం). ఎత్తులు మీటర్లలో వేస్తే జవాబు నాటికల్ మైళ్లలో వస్తుంది. నీకు 7 + 5, అంటే 24.4. రెంటిలో ఏది తక్కువైతే అదే పట్టుకోవాలి. 27 రాసున్న రోజుల్లోనూ మీ బ్రిడ్జికి 24 దగ్గరే దీపం పైకి తేలేది, అంతకుముందు ఆకాశంలో వెలుగు మాత్రమే. అందుకని నీకు పోయింది 6 మైళ్లే. 4 మీటర్ల కంటి ఎత్తున్న యాట్‌కి 2.03 × 9 = 18.3, వాళ్లకి పోయిందేమీ లేనట్టే.

అసలు జాగ్రత్త ఇంకోచోట ఉంది. ఇదివరకు దీపం హొరైజన్ మీద తేలగానే 24.4 మైళ్లని డిప్పింగ్ రేంజ్ (దీపం హొరైజన్ మీద ఉన్నప్పటి దూరం) తీసి, బేరింగ్‌తో (దీపం ఉన్న దిక్కు) కలిపి ఫిక్స్ వేసేవాళ్లు, అంటే చార్టు మీద ఓడ చోటు గుర్తించేవాళ్లు. ఇప్పుడు నీకు మొదట కనబడేది 18 దగ్గర, అదీ హొరైజన్‌కి పైనే, మసగ్గా. దాన్ని 24.4 అనుకుని ఫిక్స్ వేస్తే 6 మైళ్లు తప్పు, అదీ రాళ్లవైపు. అనుమానం ఉంటే ఒక డెక్ కిందకి దిగి చూడు. మాయమైతే హొరైజన్ దగ్గర ఉన్నట్టు. అలాగే కనబడుతుంటే అది వెలుతురు హద్దే, దూరం కొలవడానికి పనికిరాదు.

పైలట్‌బుక్_రావు:
10 మైళ్ల విజిబిలిటీ అన్నిసార్లూ ఉండదు, కాబట్టి లూమినస్ రేంజ్ డయాగ్రామ్ (ఆ పూట విజిబిలిటీకి దీపం ఎంత దూరం అందుతుందో చూపే పటం) చూడాల్సిందే. విజిబిలిటీ 5 మైళ్లయితే 18 కాస్తా 11 లోపు, 2 మైళ్లయితే 5 చిల్లర. పాత 27 దీపానికి ఇవే 15, 7. నామినల్ రేంజ్ ప్రకారం పాత దీపం తీవ్రత సుమారు 33 రెట్లు, అయినా మంచులో తేడా 2 మైళ్లే! పొగమంచు వెలుతురుని మైలు మైలుకీ రెట్ల లెక్కన మింగేస్తుంది మరి. ఫాగ్ హారన్ కూడా 2011లోనే ఆపేశారు, రాడార్ మీదే ఆధారపడాలి.

కనబడ్డ దీపం అదేనో కాదో తేల్చుకోవడానికి స్టాప్‌వాచ్ వాడండి. ఫాస్ట్‌నెట్‌ది 5 సెకన్లకో ఫ్లాష్. మొదటి ఫ్లాష్ మొదలైనప్పటి నుంచి 11వది మొదలయ్యేదాకా 50 సెకన్లు రావాలి. ఒక్క ఫ్లాష్ చూసి లాగ్‌లో పేరు రాసేయొద్దు, అల మధ్యలో అడ్డొస్తే ఒకటి పోయి 10 సెకన్లలా కనబడుతుంది.

డెక్‌కేడెట్_వైజాగ్:
థాంక్యూ సార్. ఆ 49 ఏ నీటిమట్టం నుంచి? పోటు తగ్గితే లెక్క మారదా?

సెకండ్‌మేట్_కాకినాడ:
పెద్దపోటుల సగటు మట్టం నుంచి. నీరు 3 మీటర్లు దిగితే ఎత్తు 52, వంపు లెక్కలో పెరిగేది అర మైలు కూడా లేదు. ఇప్పుడు నీకు అడ్డు వెలుతురే కాబట్టి అదీ అక్కర్లేదు.