కొత్తగా డిజైన్ చేసిన పాతకాలపు ఎలక్ట్రిక్ పియానో: ఇంకా ఎదురుచూడాలా, వదిలేయాలా?

కీబోర్డు_పిచ్చి:
టైన్‌లతో (హామర్, అంటే లోపలి చిన్న సుత్తి, కొడితే మోగే సన్నటి లోహపు కడ్డీలు) మోగే రోడ్స్ (పాత ఎలక్ట్రిక్ పియానో బ్రాండు) తరహా పియానో, కొత్త డిజైన్ అనగానే అడ్వాన్స్ కట్టేశాను. వేసవికి అన్నారు, తర్వాత ఏడాది చివరికి అన్నారు. మొన్నటి మెయిల్‌లో హామర్ మెకానిజం మళ్లీ మారుస్తున్నామని రాశారు. డబ్బు వెనక్కి అడిగేయనా? ఇలా బుక్ చేసుకుని ఎదురుచూసినవాళ్లు చెప్పండి.

ఫేడర్_రాజా:
తేదీ రెండుసార్లు మారిందంటే మూడోసారీ మారుతుంది. నేనైతే వెనక్కి తీసుకుంటా.

టైన్_మేస్త్రి:
తొందరపడకండి. హామర్ మారుస్తున్నారంటే నాకది మంచి కబురే. పాత రోడ్స్‌లు బాగుచేస్తుంటాను. డెబ్బైల నాటి వాటిలో కొన్ని కాసేపు వాయిస్తే చాలు, చేతులు లాగేస్తాయి. కీ వెనక హామర్ ఆనే చోట చిన్న బంప్ అంటిస్తే తేలికవుతాయి. నా దగ్గరికొచ్చే పనిలో చాలావరకు ఇదే. అది ఫ్యాక్టరీలోనే తేల్చి పంపితే నాకు గిరాకీ పోతుంది గానీ మీకు సుఖం :)

ఇంకో సంగతి. ప్రతి కీకీ ఒక టైన్, దాని కొసకి ఎదురుగా ఒక పికప్ (టైన్ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది). కొస సరిగ్గా పికప్ మధ్యకి వస్తే అసలు స్వరం తగ్గి పై ఆక్టేవ్ ముందుకొస్తుంది. కాస్త పైకి జరిపితే నాదం నిండుగా ఉంటుంది. పికప్‌ని దగ్గరికి తెస్తే గట్టిగా కొట్టినప్పుడు గుర్రుమంటుంది. శ్రుతి కోసం టైన్ మీదున్న చిన్న స్ప్రింగ్‌ని అటూ ఇటూ జరపాలి. 73 కీలున్న పియానోకి ఇదంతా 73 సార్లు, చెవితో. హడావిడిగా చేసి పంపిస్తే ఆ పని మీ నెత్తినే పడుతుంది.

పాత_ఆర్గన్:
మేస్త్రి గారు చెప్పింది నిజమే. కానీ ఆలస్యాలన్నీ ఒకటి కాదు. 2020 అక్టోబరులో జపాన్‌లో ఏకేఎం వాళ్ల చిప్ ఫ్యాక్టరీ తగలబడితే ఆడియో చిప్‌లు దొరక్క ఎన్నో పరికరాలు ఆగిపోయాయి. మీది టైన్ పియానో, స్వరానికి చిప్ అక్కర్లేదు కాబట్టి ఎవరైనా చిప్ సాకు చెబితే నమ్మకండి.

ఫేడర్_రాజా:
అలా తీసిపారేయలేం అన్నా. ఇప్పటివాటిలో ప్రీయాంప్‌తో (సిగ్నల్‌ని పెంచేది) పాటు ఎఫెక్టులూ, మిడీ (కంప్యూటర్‌కో వేరే కీబోర్డుకో కలిపే పద్ధతి) కూడా పెడుతున్నారు. అక్కడ చిప్ లేకుండా కుదరదు.

పాత_ఆర్గన్:
ఒప్పుకున్నా. అయినా పేరు చూసి మాత్రం మోసపోకూడదు. 1987లో రోడ్స్ పేరు రోలాండ్ అనే కీబోర్డుల కంపెనీ చేతికి వెళ్లింది. ఆ పేరుతో వచ్చినవి డిజిటల్ పియానోలు, లోపల టైనే లేదు. ఈ పియానోని కనిపెట్టిన హెరాల్డ్ రోడ్స్‌కి అవి అస్సలు నచ్చలేదు. అందుకే కంపెనీ ఏ భాగం గురించి మాట్లాడుతోందో చూడండి. "హామర్ మారుస్తున్నాం" అంటే కనీసం పని జరుగుతోందని అర్థం. "త్వరలో శుభవార్త" అని మాత్రమే రాస్తుంటే అప్పుడు భయపడాలి.

నల్లకీ:
నేను వేరే కంపెనీ సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) కోసం చాలా కాలం ఆగాను. మొదటి బ్యాచ్ తీసుకున్నవాళ్ల నాబ్‌లు వదులైపోయాయి. నాది ఆలస్యంగా వచ్చింది, గట్టి నాబ్‌లతో. ఎదురుచూసినన్నాళ్లూ ఆ కంపెనీని తిట్టుకోని రోజు లేదనుకోండి.

కీబోర్డు_పిచ్చి:
అందరికీ థాంక్సండీ. మెయిల్ పెట్టి మూడు అడిగాను: క్యూలో నా స్థానం, పంపేదాకా ఎప్పుడైనా డబ్బు వెనక్కిస్తారా, విడి టైన్‌లు అమ్ముతారా. మూడింటికీ సూటిగా జవాబిచ్చారు, డబ్బు ఎప్పుడడిగినా ఇస్తారట. ఆర్డర్ ఉంచేస్తున్నా. మేస్త్రి గారూ, విడి టైన్‌లు ముందే తెప్పించుకోనా?

టైన్_మేస్త్రి:
కొన్ని తెప్పించుకోండి. ఒక్కో కీకి టైన్ పొడవు వేరు కాబట్టి కీ నంబరు రాసి అడగండి, లేకపోతే కొలిచి కోసుకోవాల్సి వస్తుంది. హామర్ కొసల రబ్బర్లు కూడా అడగండి, టైన్ కంటే ముందు అరిగేవి అవే.