బావ క్లాజెట్‌లో గన్ దొరికింది. టెక్సస్‌లో ఏం చేయొచ్చు?

ఖమ్మం తమ్ముడు:
అక్కావాళ్లు ఫ్రిస్కోలో, నేను ప్లేనోలో. బావకి గ్రీన్‌కార్డుంది. జనవరిలో ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ నిద్ర లేదు. గరాజ్ బయట ఎవరో నిలబడి తన మాటలు వింటున్నారంటాడు. ఓ రాత్రి అక్క భయపడి 911కి కొట్టింది. పోలీసులే ఆసుపత్రిలో చేర్చారు. రెండు రోజులుంచుకుని మందుల చీటీ, డాక్టర్ల లిస్టూ చేతిలో పెట్టి పంపేశారు. లిస్టులో పదకొండు నంబర్లకీ నేనే ఫోన్ చేశా. నాలుగు పనిచేయవు. ఒకటి పళ్ల డాక్టరుది! దొరికిన ఒక్క అపాయింట్‌మెంటూ ఏడు వారాల తర్వాత.

నిన్న అక్క బట్టలు సర్దుతుంటే పైఅరలో గన్ డబ్బా కనిపించింది. బిల్లు మీద తేదీ చూస్తే ఆసుపత్రి నుంచి వచ్చిన పన్నెండో రోజు. షాపులో బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా పాసయ్యాడట. ఎలా పాసవుతాడు? 2023 మేలో మా పక్క ఊరు అలెన్‌లో, మాల్‌లో ఎనిమిది మందిని కాల్చి చంపారు, అందులో మన తెలుగమ్మాయి ఉంది. అప్పట్నుంచీ నాకు ఆ భయం పోలేదు.

రాత్రి డ్యూటీ, హ్యూస్టన్:
తమ్ముడూ, నేను నర్సుని. గన్ కొనేటప్పుడు షాపులో నింపే 4473 ఫామ్ అడిగేది మతి సరిగా లేదని కోర్టు ఉత్తర్వేమైనా ఉందా, అధికారికంగా ఆదేశమిచ్చి బలవంతంగా ఆసుపత్రిలో చేర్చారా అని. పోలీసులు తెచ్చి రెండు రోజులు చూసి పంపేస్తే అది లెక్కలోకి రాదు. మీ బావ ఫామ్‌లో అబద్ధమేమీ రాసి ఉండడు. వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 2007లో 32 మందిని చంపినవాడూ చెక్ పాసయ్యే కొన్నాడు. ఆసుపత్రిలో చేరకుండా బయటే చికిత్స తీసుకోమని జడ్జి చెప్పినా ఆ కబురు చెకింగ్ లిస్టుకి చేరలేదు.

ఇంకోటి, అలెన్‌తో పోల్చకు. జబ్బున్నవాళ్లలో చాలామంది ఎవర్నీ ఏమీ చేయరు. ఈ దేశంలో గన్‌తో పోయేవాళ్లలో సగానికి పైగా ఆత్మహత్యలే. నీ భయం మీ బావ కోసం ఉండాలి. అక్కతో 988కి, అంటే ఆత్మహత్యల్ని ఆపే హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయించు.

టాంపా వదిన:
మా ఫ్లోరిడాలో అయితే పోలీసులు కోర్టుకెళ్లి కొన్నాళ్లు గన్ తీసేయించొచ్చు. పార్క్‌లాండ్ స్కూల్లో కాల్పుల తర్వాత, 2018లో వచ్చిన చట్టం. మీ టెక్సస్‌లో అది లేకపోగా, అలాంటిది రాకుండా 2025లో ఇంకో చట్టం చేశారు. చట్టమున్నా కదిలేవాళ్లుండాలి లెండి. మెయిన్ రాష్ట్రంలో 2023లో జరిగిన లూయిస్టన్ కాల్పులకి ముందు, కాల్చినవాడి ఇంటివాళ్లూ, అతనున్న ఆర్మీ రిజర్వ్ వాళ్లూ షెరీఫ్‌కి చెప్పారు. షెరీఫ్ మనుషులు వచ్చి తలుపు కొట్టి, తీయలేదని వెళ్లిపోయారు. 18 మంది పోయారు.

ఖమ్మం తమ్ముడు:
అయితే గన్ నేనే తెచ్చి మా ఇంట్లో పెట్టేస్తా.

రాత్రి డ్యూటీ, హ్యూస్టన్:
నీది హెచ్1బీనా? అయితే ముట్టుకోకు. వేట లైసెన్సు లాంటిదేమీ లేకుండా వీసా మీదున్నవాళ్ల దగ్గర గన్ ఉంటే ఫెడరల్ నేరం. సిటిజన్ అయిన పెద్దవాళ్లెవరైనా ఉంటే పిలు. గొడవ పెట్టుకోకుండా, నిద్ర పట్టేదాకా నా దగ్గర ఉంచుతానని అడగమను.

ఖమ్మం తమ్ముడు:
హెచ్1బీనే. మతి సరిగా లేని మనిషికిచ్చారు, నేను ముట్టుకుంటే నేరం!

ఆదివారం ఇర్వింగ్ నుంచి మామయ్య వచ్చాడు. సిటిజన్. భోజనాలయ్యాక గరాజ్‌లో ఇద్దరే గంటసేపు కూర్చున్నారు. బయట ఎవరూ లేరని మామయ్య అనలేదట, "ఎప్పుడొస్తార్రా వాళ్లు?" అని అడిగాడట. బావే లేచి వెళ్లి డబ్బా తెచ్చిచ్చాడు. బిల్లు మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అపాయింట్‌మెంటుకి ఇంకా ఐదు వారాలు. ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తున్నా.