ముక్కనుమ నాటి పుస్తకావిష్కరణ: హాలు ఇవ్వలేమంటున్నారు, ఏం చేద్దాం?

అంబాజీపేట అక్క: పనుల జాబితా పక్కన పెట్టి ముందు ఇది చదవండి. మాస్టారి ఆనకట్ట నవల ఆవిష్కరణకి, నాటకానికి అమలాపురంలో మనం తీసుకున్న నాటకాల హాలు వాళ్లు ఇందాక ఫోన్ చేశారు. ముక్కనుమ రోజు ఇవ్వలేరట, వేరే మీటింగ్ ఒప్పుకున్నారట. అడ్వాన్సు వెనక్కి ఇస్తామన్నారు. రేపు ఆహ్వానపత్రిక ప్రెస్సుకి వెళ్లాలి. వేదిక ఎక్కడని వేయమంటారు?

కోశాధికారి, న్యూజెర్సీ: రసీదు మన దగ్గరుండగా ఎలా కాదంటారు? గట్టిగా అడగండి. కుదరకపోతే రాజమండ్రిలో ఏసీ హాలు చూడండి. ఇక్కడ సంఘం వాళ్లంతా లైవ్‌లో చూస్తారు, మధ్యలో కరెంటు పోతే ఎలా?

రాజోలు తమ్ముడు: గట్టిగానే అడిగాం అన్నయ్యా. రాజమండ్రి అంటే పండగ రోజుల్లో రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటాలి. నాటకం కుర్రాళ్లు పొద్దున్న దాళ్వా (రెండో పంట) వరి నాట్లకు వెళ్లి, సాయంత్రం రిహార్సల్‌కి వస్తున్నారు. వాళ్లనీ సెట్టునీ అంత దూరం తీసుకెళ్లడానికి ఖర్చెవరిస్తారు?

కోశాధికారి: నిరుడూ ఆఖర్లో ఇలాగే అడిగారు. ఇది సంఘం డబ్బు, ప్రతి రూపాయికీ నేను జవాబు చెప్పుకోవాలి.

రాజోలు తమ్ముడు: మేం లెక్క ఎప్పుడు దాచాం? ఇలా మాట పడాల్సి వస్తే నేను తప్పుకుంటా. మైకు, నాటకం ఎవరు చూస్తారో చూడండి.

మాస్టారు: నాయనా, నా నవల కోసం మీలో మీరు మాటలనుకోవద్దు. ఇది గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కథ ఒక్కటే కాదు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం కొండ రాయి కొట్టినవాళ్లది, నీళ్లలో నిలబడి ఆ రాయి పేర్చినవాళ్లది, కూలీలను కూడగట్టిన వీణం వీరన్న గారిది. హాల్లోనే జరగాలని నాకు లేదు. ఆ ఆనకట్ట నీళ్లు పారే చోట ఎక్కడ పెట్టినా నాకు సంతోషమే.

అంబాజీపేట అక్క: అయితే మా కొబ్బరి కొట్టు దొడ్డి ఉంది మాస్టారూ. పండక్కి కాయ లోడింగ్ ఉండదు, నాన్నగారు సరేనన్నారు. కాయ వలిచిన పీచు డొక్క ఒక పక్కకి తోయిస్తా. పక్కనే కాలువ. లొల్ల లాకుల దగ్గర విడిపోయి మన ఊళ్లకొచ్చే నీళ్లే.

రాజోలు తమ్ముడు: అది బాగుంది. రెండు ట్రాక్టర్ ట్రక్కులు పక్కపక్కన పెట్టి, డోర్లు విప్పేసి, పైన చెక్కలు పరిస్తే 12 అడుగుల స్టేజీ వస్తుంది. చక్రాలకి రాళ్లు, నాలుగు మూలలా కింద కొబ్బరి మొద్దులు పెట్టాలి. లేదంటే రాయి మోసే సీనులో అందరూ ఒక పక్కకి రాగానే ట్రక్కు లేస్తుంది. జగ్గన్నతోట ప్రభల తీర్థం కనుమ రోజుతో అయిపోతుంది కాబట్టి అక్కడి మైకు సెట్టు అతను మర్నాడు ఖాళీ. జనరేటరు కూడా తెస్తానన్నాడు.

కోశాధికారి: జనరేటరుంటే నాకు లైవ్ టెన్షన్ లేదు. హాలు అద్దె మిగిలింది కదా, అందులోంచి కుర్రాళ్లకి ఇద్దాం. పగలంతా నాట్లు వేసి మరీ వస్తున్నారు, తక్కువ ఇవ్వకండి. తమ్ముడూ, నువ్వు తప్పుకుంటే ఎలా? భోగికి నేను దిగుతున్నా, మొద్దులు మనిద్దరం మోసేద్దాం.

రాజోలు తమ్ముడు: రండి అన్నయ్యా.

ముక్కామల పిన్ని: మెమెంటోలు, శాలువాలు ఇప్పుడెందుకు? ఆ డబ్బుతో వచ్చిన వాళ్లందరికీ పులిహోర, చక్రపొంగలి పెడదాం, వంట నేను చూసుకుంటా. ఇంకో మాట. బ్యానరు మీద వీరన్న గారి పేరు దొర పేరంత అక్షరాల్లో ఉండాలి. స్నానం చేస్తూ కాటన్‌ని తలుచుకునే పెద్దలున్న కోనసీమ మనది. వీరన్న గారెవరో మాత్రం మా మనవలకి తెలీదు.

మాస్టారు: ఆ బ్యానరు ఖర్చు నాది అమ్మా.

రాజోలు తమ్ముడు: పుస్తకాలు భోగి ముందు రోజు రాత్రి రావులపాలెంలో ఆర్టీసీ కార్గోకి వస్తాయి. మంచు బాగా పడుతోంది, కట్టల మీద బరకం కప్పాలి. బండి ఎవరిది?

అంబాజీపేట అక్క: మా లోడింగ్ ఆటో పంపిస్తా, బరకం అందులోనే ఉంది. పత్రికలో వేదిక మార్చి ప్రెస్సుకి పంపేశాను.