ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: హార్డ్‌లో గెలుస్తున్నా, ఎక్స్‌ట్రీమ్‌లో 20 నిమిషాలకే అవుట్. ఏం మార్చాలి?

కోటగుమ్మం:
డెఫినిటివ్ ఎడిషన్. మ్యాప్ అరేబియా, ఒకరి మీద ఒకరు, నాది ఫ్రాంక్స్ సివిలైజేషన్, స్పీడ్ నార్మల్. హార్డ్ ఏఐ (కంప్యూటర్ ప్రత్యర్థి) మీద ప్రతిసారీ గెలుపే, హార్డెస్ట్ మీద సగం సగం. ఎక్స్‌ట్రీమ్ పెడితే మాత్రం 20 నిమిషాలు దాటట్లేదు.

లెక్కలు ఇవి: లూమ్ (విలేజర్లకి ప్రాణం, కవచం పెంచే అప్‌గ్రేడ్) చేశాక 24 జనాభాకి ఫ్యూడల్ (రెండో యుగం) నొక్కుతున్నా, ఫ్యూడల్‌లోకి వచ్చేసరికి 12:30. కింది లెవెల్స్‌లో కాజిల్ ఏజ్‌కి (మూడో యుగం) 22:00 అవుతోంది. ఎక్స్‌ట్రీమ్‌లో 13వ నిమిషంలో అయిదారు ఆర్చర్లు వచ్చి చెట్లు కొట్టేవాళ్లని చంపుతున్నాయి. గంట కొడితే అందరూ టీసీలో (టౌన్ సెంటర్, విలేజర్లు పుట్టే కట్టడం) దూరుతున్నారు, ఇక అక్కడి నుంచి లేవడం లేదు.

ఏఐకి దొడ్డిదారిన ఫుడ్, గోల్డ్ ఏమైనా ఇస్తున్నారా? లేదంటే ముందు ఏది సరిచేయాలి? ఆర్మీనా, గోడలా, సివిలైజేషనా?

పాతికసెకన్లు:
ఇవ్వట్లేదు. 1999 నాటి పాత ఆటలో హార్డెస్ట్ ఏఐకి అదనపు సరుకు ఇచ్చేవాళ్లు, అందుకే ఆ అనుమానం ఇప్పటికీ పోలేదు. డెఫినిటివ్‌లో ఎక్స్‌ట్రీమ్ ఏఐ కూడా మనలాగే 200 ఫుడ్, 200 వుడ్, 100 గోల్డ్, 200 స్టోన్‌తోనే మొదలెడుతుంది. దాని గొప్పతనం ఒక్కటే, టీసీని ఖాళీగా ఉంచదు.

మీరిచ్చిన అంకెలే చూద్దాం. ఫ్యూడల్‌కి 130 సెకన్లు పడుతుంది, అంటే మీరు నొక్కింది 10:20కి. 24 జనాభా అంటే మొదట్లో ఉండే స్కౌట్ (గుర్రపు సిపాయి) పోను 23 మంది విలేజర్లు (పనివాళ్లు). ముగ్గురు మొదటే ఉంటారు, మీరు తీసింది 20 మందిని. ఒక్కొక్కరికి 25 సెకన్లు, మొత్తం 500. లూమ్‌కి ఇంకో 25. కలిపితే 525 సెకన్లు, అంటే 8:45. ఆ టైమ్‌కి నొక్కాల్సింది 10:20కి నొక్కారు. మధ్యలో 95 సెకన్లు టీసీ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. దాదాపు నలుగురు విలేజర్లు పుట్టకుండానే పోయారు.

ఒక విలేజర్ నిమిషానికి ఉజ్జాయింపుగా 20 తెస్తాడు అనుకోండి. అయిదో నిమిషానికల్లా ఉండాల్సిన నలుగురు లేకపోతే 13వ నిమిషానికి 640 సరుకు లోటు. మీ దగ్గర లేని ఆర్మీ అదే. హార్డ్‌లో ఏఐ కూడా నెమ్మదిగానే ఆడుతుంది కాబట్టి ఈ లోటు కనపడలేదు. అందుకని ఆర్మీ, గోడలు, సివిలైజేషన్ అన్నీ తర్వాత. ముందు ఆ 95ని 20కి దించండి.

గొర్రెలమంద:
పై లెక్క కరెక్టు. దానికి తోడు 24 జనాభా కూడా ఎక్కువే. ఫ్రాంక్స్‌తో స్కౌట్స్ తీయాలంటే 21 చాలు. 17 మందిని తీయాలి, లూమ్‌తో కలిపి 450 సెకన్లు, అంటే 7:30కి నొక్కొచ్చు, 9:40కి ఫ్యూడల్. కొత్తలో 10:15 వచ్చినా ఫరవాలేదు.

ఎవరు ఎక్కడ అంటే:
మొదటి 6 గురు గొర్రెల మీద, టీసీకి ఆనుకుని.
తర్వాత 4 గురు చెట్ల మీద, లంబర్ క్యాంప్ కట్టి.
11వ వాడు మొదటి అడవిపందిని తేవాలి.
12వ వాడు ఒక హౌస్ కట్టి, బెర్రీల దగ్గర మిల్లు వేసి అక్కడే ఉండాలి. వాడి వెనక ఇంకో ముగ్గురు.
16వ వాడు రెండో పందికి.
మిగతా నలుగురూ చెట్లకే. 20 మంది అయ్యాక లూమ్, వెంటనే ఫ్యూడల్.
ఫ్యూడల్ నొక్కగానే టీసీ కింద నుంచి ఇద్దరు ముగ్గుర్ని చెట్లకి మళ్లించి 175 వుడ్‌తో బారక్స్ వేయండి. ఏజ్ మారే క్షణానికి స్టేబుల్‌కి ఇంకో 175 చేతిలో ఉండాలి.

ఈ వరసలో అందరూ తప్పేది పంది దగ్గరే. పందికి 75 ప్రాణం, లూమ్ లేని విలేజర్‌కి 25. నాలుగు కుమ్ములకి చస్తాడు. టీసీ కింద కోస్తున్న గొర్రెలో 100 ఫుడ్ లోపు మిగిలాక మనిషిని పంపండి. రెండు బాణాలు తగలగానే వెనక్కి టీసీ వైపు నడిపించండి. ఒక్కటే కొట్టి తిప్పితే కొన్నిసార్లు పంది వెంట రాదు, మూడోదానికి ఆగితే మీద పడుతుంది. పంది టీసీ గుమ్మంలోకి వచ్చాక గొర్రె దగ్గరున్న వాళ్లందర్నీ పంది మీదికి తిప్పి, వాళ్ల బాణాలు తగిలాకే తెచ్చినవాణ్ణి టీసీలోకి తోయండి. ముందే తోస్తే పంది వచ్చిన దారినే వెళ్లిపోతుంది. చచ్చిన జంతువు మాంసం కాసేపటికి కుళ్లుతూ తరుగుతుంది, కాబట్టి 340 ఫుడ్ పంది మీద ఇద్దరిని పెడితే దండగ, కనీసం ఆరుగురు ఉండాలి.

ఇంకోటి, హౌస్. విలేజర్ ఒక్కడే కడితే 25 సెకన్లు. జనాభా అంచుకి ఇద్దరు తక్కువ ఉండగానే మొదలెట్టాలి. "హౌస్ కట్టండి" అని ఆట చెప్పేదాకా ఆగారంటే అప్పటికే ఒక విలేజర్ పోయినట్టు.

కోటగుమ్మం:
బాగా అర్థమైంది, థ్యాంక్స్. కానీ 9:40కే ఫ్యూడల్‌కి వచ్చినా ఆ ఆర్చర్లు వస్తాయి కదా. స్కౌట్స్‌తో వాటిని ఆపగలనా? గోడ కట్టేస్తే సరిపోతుందా?

ఈటెపోటు:
లూమ్ ఎందుకు మానకూడదో ముందు చూడండి. ఆర్చర్ దెబ్బ 4. లూమ్ లేని విలేజర్‌కి 25 ప్రాణం, 7 బాణాలకి పోతాడు. లూమ్ ఉంటే 40 ప్రాణం, బాణాలకి 2 కవచం, ఒక్కో బాణం 2 మాత్రమే తీస్తుంది, 20 బాణాలు కావాలి. ఏఐ ఫ్లెచింగ్ (బాణం దెబ్బ పెంచే అప్‌గ్రేడ్) చేసుకుంటే ఆ 7, 20 బాణాలు 5, 14 అవుతాయి. 50 గోల్డ్‌కి ఇంతకంటే చవక బేరం ఆటలో లేదు.

స్కౌట్స్ మూడు నుంచి అయిదు తీసి ఆపండి. ఒక్కోటి 80 ఫుడ్. వాటి పని ఆర్చర్లతో తలపడటం కాదు, ఏఐ చెట్ల దగ్గరికి, గోల్డ్ దగ్గరికి వెళ్లి దాని పని చెడగొట్టడం. స్పియర్‌మ్యాన్ కనపడితే పక్కకి జరగండి, గుర్రాలంటే వాటికి పండగ.

ఆర్చర్లకి మందు స్కర్మిషర్, ఈటెలు విసిరే సైనికుడు. 25 ఫుడ్, 35 వుడ్, గోల్డ్ అక్కర్లేదు. ఆర్చర్ బాణం స్కర్మిషర్ నుంచి తీసేది 1 మాత్రమే, ఫ్లెచింగ్ ఉంటే 2. స్కర్మిషర్ ఈటె ఆర్చర్ నుంచి 5 తీస్తుంది, ఆరు పోట్లకి ఆర్చర్ చస్తుంది. నాలుగైదు ఉంటే ఆ గుంపు పని అయిపోతుంది. పైగా స్కర్మిషర్ కోసం వేసే ఆర్చరీ రేంజ్ దండగ కాదు. కాజిల్‌కి ఫ్యూడల్ కట్టడాలు రెండు ఉండాలి కదా, స్టేబుల్, రేంజ్ కలిపి ఆ రెండూ అయిపోయాయి.

గంట మాత్రం కొట్టకండి. ఆర్చర్లు ఒక మూల చెట్ల దగ్గర ఉంటే బెర్రీల వాళ్లకి ఏం భయం? గంట కొడితే ఊరంతా పని మానేస్తుంది, ఏఐకి కావాల్సింది అదే. దెబ్బ తగులుతున్న నలుగురైదుగుర్ని మాత్రం ఎంచి టీసీలోకి పంపండి. ఖాళీ టీసీ బాణాలు వేయదు, మనుషులు లోపలికి వెళ్తేనే వేస్తుంది. ఆర్చర్లు దాని అందుబాటులో ఉంటే అదొక లాభం.

గోడ గురించి: చెక్క గోడ గడికి 3 వుడ్, ఎక్కువేం కాదు. కానీ ఎక్స్‌ట్రీమ్ ఏఐ దాన్ని కొట్టుకుని వస్తుంది. గోడ టైమ్ కొనిపెడుతుంది, అంతే. చెట్లకీ గోల్డ్‌కీ మధ్య సందులు హౌస్‌లతో మూయండి, ఎలాగూ కట్టాల్సినవే.

పాతికసెకన్లు:
స్కర్మిషర్ల మాట ఒప్పుకుంటా, గోడ మాట ఒప్పుకోను. 21 జనాభాతో వెళ్లేవాడు డార్క్ ఏజ్‌లో (మొదటి యుగం) గోడకి వుడ్ తీస్తే బారక్స్ ఆలస్యం అవుతుంది. ఈ స్థాయి నేర్చుకునేటప్పుడు గోడ అసలు మర్చిపోవడమే మంచిది, లేకపోతే తప్పు ఎక్కడుందో తెలియదు.

వరిమడి:
ఫ్యూడల్ బాగుపడినా 22:00కి కాజిల్ అంటే ఇంకో జబ్బు ఉన్నట్టే. పొలాలు.

కాజిల్‌కి 800 ఫుడ్, 200 గోల్డ్, 160 సెకన్లు. గొర్రెలు, పందులు, బెర్రీలు ఫ్యూడల్‌లోకి వచ్చాక త్వరలోనే అయిపోతాయి. ఒక్కో ఫార్మ్ 60 వుడ్. పదేస్తే 600. ఇది గుర్తులేక అందర్నీ గోల్డ్ మీదికి తోసేస్తారు, తర్వాత ఫుడ్ లేక టీసీ ఆగిపోతుంది. టీసీ కింద మాంసం తగ్గేకొద్దీ ఒక్కొక్కడికీ ఒక్కో ఫార్మ్ వేసుకుంటూ పోవాలి. ఒకేసారి ఎనిమిది వేద్దామంటే వుడ్ ఎప్పటికీ చాలదు. చెట్లు కొట్టే వేగం పెంచే డబుల్ బిట్ యాక్స్ 100 ఫుడ్, 50 వుడ్, ఫ్యూడల్‌లోకి రాగానే చేయండి. ఫార్మ్‌లో ఫుడ్ పెంచే హార్స్ కాలర్ గురించి మీకు చింత లేదు, ఫ్రాంక్స్‌కి అది ఊరికే వస్తుంది.

ఎన్ని ఫార్మ్‌లు అనే దానికి లెక్క తేలికే. ఆగకుండా విలేజర్లు తీసే టీసీ నిమిషానికి 120 ఫుడ్ తింటుంది. అంటే 6 ఫార్మ్‌లు. ఆగకుండా నైట్లు (కాజిల్ ఏజ్ గుర్రపు సైనికులు) తీసే స్టేబుల్ నిమిషానికి 120 ఫుడ్, 150 గోల్డ్. ఇంకో 6 ఫార్మ్‌లు, గోల్డ్ మీద 7 గురు. కాబట్టి ఒక టీసీ, రెండు స్టేబుళ్లు నడవాలంటే 18 ఫార్మ్‌లు, గోల్డ్ మీద 14 మంది. అంత లేకుండా మూడు స్టేబుళ్లు కట్టి ఖాళీగా ఉంచేవాళ్లు బోలెడుమంది.

రెండో టీసీకి 275 వుడ్, 100 స్టోన్. మొదట్లో వచ్చిన 200 స్టోన్ ముట్టకపోతే రెండు టీసీలకి సరిపోతుంది, తవ్వే పని లేదు. ఫ్యూడల్‌లో భయపడి టవర్ కట్టారో, ఆ స్టోన్ పోయినట్టే.

కోటగుమ్మం:
ఇంకో చిన్న డౌట్. మనవాళ్లు కదా అని ద్రవిడియన్స్‌తో ఆడాలని ఉంది. ఈ 21 జనాభా వరస వాళ్లకి పనికొస్తుందా?

ఈటెపోటు:
స్కౌట్స్‌కి పనికిరాదు. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా ఎక్స్‌పాన్షన్‌తో వచ్చినప్పటి నుంచీ గుర్రాల విషయంలో వాళ్లు పేదలే. గుర్రాల ప్రాణం పెంచే బ్లడ్‌లైన్స్ లేదు, నైట్లు అసలే లేవు. కాకపోతే ఏజ్ మారిన ప్రతిసారీ 200 వుడ్ ఊరికే వస్తుంది, ఫ్యూడల్‌లోకి అడుగుపెట్టగానే రేంజ్ ఖర్చు చేతిలో ఉన్నట్టే. స్కర్మిషర్లు 25 శాతం వేగంగా విసురుతాయి. అభిమానం ఉంటే తర్వాత ఆర్చర్, స్కర్మిషర్ దారిలో ఆడండి. ఇప్పుడు మాత్రం ఫ్రాంక్స్ మార్చొద్దు, బెర్రీలు 15 శాతం వేగం, గుర్రాలకి 20 శాతం ఎక్కువ ప్రాణం, తప్పులు కాస్త కప్పుకుపోతాయి.

గొర్రెలమంద:
ప్రాక్టీస్ ఎలా చేయాలో ఎవరూ చెప్పలేదు. పూర్తి ఆటలు ఆడకండి. ఆట పెట్టేటప్పుడు రికార్డ్ చేయమని టిక్ పెట్టి, ఫ్యూడల్‌లోకి వచ్చాక మూసేయండి. మొదట స్పీడ్ క్యాజువల్, అంటే 1.5. ఆట గడియారం అదే లెక్కన నడుస్తుంది, చేతికి మాత్రం టైమ్ దొరుకుతుంది. 7:45 లోపు నొక్కగలిగాక నార్మల్ 1.7కి రండి.

మౌస్‌తో టీసీ వెతుక్కోవడం మానండి. హెచ్ నొక్కితే టీసీ, ఆ వెంటనే క్యూ నొక్కితే విలేజర్. ఎవరు ఖాళీగా ఉన్నారో ఫుల్‌స్టాప్ కీ చూపిస్తుంది. టీసీ ర్యాలీ పాయింట్ నేల మీద కాదు, చెట్టు మీదో గొర్రె మీదో పెట్టండి, పుట్టినవాడు నేరుగా పనిలోకి వెళ్తాడు.

తర్వాత ఆ రికార్డింగ్ పెట్టి టీసీ మీదే కన్నేసి చూడండి. ఆగిన ప్రతిచోటా టైమ్, కారణం కాగితం మీద రాయండి. కారణాలు మూడే ఉంటాయి: హౌస్ లేదు, 50 ఫుడ్ లేదు, మర్చిపోయాను. ఫుడ్ లేదన్నవి ఎక్కువుంటే పందిని ఆలస్యంగా తెస్తున్నట్టు. మర్చిపోయినవి ఎక్కువుంటే అవి స్కౌట్‌తో తిరుగుతున్నప్పుడో, పంది తెస్తున్నప్పుడో అయ్యుంటాయి. పందికి మనిషిని పంపేముందు రెండు విలేజర్లు క్యూలో పెట్టి వెళ్లండి. ఆ కాగితం ఇక్కడ పెడితే చూద్దాం.