స్టేజి దిగాక ఏమీ అనిపించట్లేదు, డాన్సర్‌కి తృప్తి అంటే అసలు ఏంటి?

గజ్జెలమూట:
అందరికీ నమస్తే. ఎనిమిదేళ్ళప్పుడు కూచిపూడి మొదలుపెట్టా, ఇప్పుడు 34, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయిన నెల ఒక ఉత్సవంలో తరంగం చేశా, ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి నెత్తిన చెంబు పెట్టుకుని జతులు ఆడుతుంటే ఒకటే చప్పట్లు, తర్వాత శాలువా, మెమెంటో, ఫొటోలు, అన్నీ అయ్యాయి. ఇంటికొచ్చి కాళ్ళ పారాణి కడుక్కుంటుంటే ఒళ్ళు నొప్పులు తప్ప ఏమీ అనిపించలేదు.

మొన్న ఆదివారం పప్పుకి కుక్కర్ పెట్టి ఊరికే క్షేత్రయ్య పదం ఒకటి పాడుకుంటూ చెయ్యి తిప్పుతున్నా, వస్తానన్నవాడు రాలేదని తలుపు వైపు చూసే చోట నిజంగానే కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. విజిల్స్ లెక్క తప్పి పప్పు అడుగంటింది కూడా. చూసినవాళ్ళు ఎవరూ లేరు. మరి ఇరవై ఆరేళ్ళుగా ఈ స్టేజి వెంట దేనికి తిరుగుతున్నట్టు?

బెజవాడ_టీచర్:
తప్పు పళ్ళెంది కాదు తల్లీ. తరంగాలు రాసిన నారాయణ తీర్థుల సాహిత్యం కృష్ణుడి లీలల గురించే కదా, పళ్ళెం ఎక్కగానే జనం కాళ్ళే చూస్తారు, మన ధ్యాసా కాళ్ళ మీదే, కృష్ణుడు ఎటు పోయాడో ఎవరికీ పట్టదు. చెయ్యి ఎక్కడో చూపు అక్కడ, చూపు ఎక్కడో మనసు అక్కడ అని నాట్యశాస్త్ర గ్రంథం అభినయ దర్పణంలోని శ్లోకం పిల్లల చేత రోజూ వల్లె వేయిస్తాం గానీ పళ్ళెం మీద మన మనసు బొటనవేలి దగ్గరే ఉంటుంది. మోకాలు ఆపరేషన్ అయ్యాక నేను పళ్ళెం మానేసి కూర్చునే అభినయం చేస్తున్నా. మొదట్లో ఏడ్చాను, అబద్ధం ఎందుకు. ఇప్పుడు పదం చేస్తేనే హాయిగా ఉంటోంది.

మృదంగం_తమ్ముడు:
అక్కా ఒక్క మాట, ఆ రోజు పాట లైవా, రికార్డు చేసిన ట్రాకా?

గజ్జెలమూట:
ట్రాకే తమ్ముడూ. లైవ్ అంటే పాటకి, తాళాలు పట్టి జతులు చెప్పే నట్టువాంగానికి, మృదంగానికి, వయొలిన్‌కి, ఫ్లూట్‌కి అందరికీ డబ్బులు నేనే ఇచ్చుకోవాలి, ఉత్సవం వాళ్ళు ఇచ్చిన స్లాటేమో పది నిమిషాలు.

మృదంగం_తమ్ముడు:
నాకు తెలిసి జవాబు అక్కడే ఉంది. పదంలో పల్లవి లైన్ ట్రాక్‌లో నాలుగుసార్లు వస్తుంది అనుకోండి, నాలుగంటే నాలుగే, అదే లైన్‌కి ఇంకో రకం అభినయం, ఐదో సంచారి, మీకు లోపల్నుంచి తన్నుకొస్తున్నా పాట చరణంలోకి వెళ్ళిపోతుంది, మీరు దాని వెనక పరిగెత్తాలి. లైవ్‌లో అలా కాదు, డాన్సర్ కంటితో ఇలా అంటే పాడేవాళ్ళు ఆ లైన్ మళ్ళీ ఎత్తుకుంటారు, నేను చెయ్యి తేలిక చేస్తా. ఒకసారి ఒకావిడ ఒకే లైన్‌ని ఎన్నిసార్లు తిప్పారో లెక్కే లేదు, ముందు కోపం, తర్వాత ఎగతాళి, ఆఖరికి ఊరికే చీర కొంగు సర్దుకుని కూర్చున్నారు అంతే, హాల్లో చప్పట్లు కూడా లేవు, నాకు మాత్రం వాయించే వేళ్ళు వణికాయి. వంటింట్లో ట్రాక్ లేదు కదా అక్కా, పాట మీ చేతిలోనే ఉంది.

వెనక_వరస:
అందరూ ఒంటరి అభినయం గురించే చెప్తున్నారు, నాది రివర్స్. 2010 డిసెంబర్‌లో గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా కలిసి కూచిపూడి చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు కదా, అందులో నేనూ ఉన్నా, ఎక్కడో వెనక, మా అమ్మకి కూడా కనపడలేదు. కళ ఏముంది అందులో అంటే నేనేం వాదించను. కానీ అన్ని గజ్జెలు ఒక్కసారి పడితే ఆ మోత అరికాలి నుంచి పైకి వస్తుంది చూడండి, అది తృప్తి కాదంటే మాత్రం ఒప్పుకోను.

మొవ్వ_కుర్రాడు:
నేను డాన్సర్‌ని కాదు, క్షేత్రయ్య పేరు చూసి వచ్చా. ఆయన పదాల్లో వచ్చే మువ్వ గోపాలుడు మా ఊరి స్వామే, కూచిపూడి మాకు పక్కనే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే మగమనిషి అని తెలిసి కూడా మా తాతయ్య నమ్మేవాడు కాదట. అప్పట్లో భామాకలాపం రాత్రంతా ఆడేవాళ్ళు, మధ్యలో కునుకు తీసి లేచి చూసినా భామ ఇంకా అలిగే ఉండేదని నవ్వేవాడు. పది నిమిషాల్లో ఏం అలుగుతారండీ ఎవరైనా?

గజ్జెలమూట:
హహ, అది నిజం. టీచర్ గారూ, మీ మోకాలి సంగతి చదివి బాధేసింది, కూర్చుని చేసే అభినయం గురించి మీకు విడిగా మెసేజ్ చేస్తా. వెనక_వరస గారూ, ఆ మోత నేనూ మా గ్రూప్ ప్రాక్టీసుల్లో విన్నా, కాదనను. తమ్ముడూ, వచ్చే నెల మా ఇంటి హాల్లో సోఫాలు జరిపి ఒక్క పదం చేద్దామనుకుంటున్నా, పాడటానికి ఫ్రెండ్ ఉంది, ఇరవై మంది కంటే పట్టరు. వస్తావా? పెద్దగా ఇచ్చుకోలేను మరి.

మృదంగం_తమ్ముడు:
పెట్రోల్, భోజనం చాలు. శ్రుతి ఎంతో చెప్పండి, దాన్ని బట్టి మృదంగం తెస్తా.

గజ్జెలమూట:
ఐదు.